రాయి చాటు రొయ్య

హైదరాబాదు,
జూలై 1948

ప్రియమైన యెషయా అన్నకు, చెల్లెలు వరమ్మ వందనాలు.

నేను పనిచేసే డాక్టరమ్మగారి ఇంట్లో గాజు తొట్టికి నాచు పట్టి లోపలి చేపలు కనిపించడం లేదు. నాచు తినే రొయ్యలను మన ఊరి నుంచి తెప్పించమన్నారు. తోటమాలి రాజయ్య ఒకటే నవ్వు: "పులుసు పెట్టేటియి పెంచుకునుడేందక్కా!" ఏ రకం మంచిదో నీకే తెలుసు. సాతంరాయి చెరువువి మాత్రం వద్దు. పదిహేనేళ్ల నా కొడుకు ప్రేమయ్య అంగీ ఆ గట్టు మీద దొరికిన నాటి నుంచి ఆ నీళ్లు తలుచుకుంటే అన్నం సయించదు. శవమైనా దొరికితే సమాధి కట్టుకునేదాన్ని. స్టేషన్ దగ్గర మూడు రంగుల జెండా ఎగరేశాడని వాణ్ణి వెతికిన నిజాం జవాన్లు ఇంకా మీ ఇంటికి వస్తున్నారా?

నీ చెల్లెలు,
వరమ్మ

సాతంరాయి,
ఆగస్టు

చెల్లెలు వరమ్మకు దీవెనలు.

చెరువు రొయ్యలు ఎట్లాగూ పనికిరావు. వాటి చేతులు పొడుగు, చేపల తోకలు కత్తిరిస్తాయి. కాలువ నాచులో ఉండే చిన్నవాటిని ముంతలో పంపుతున్నాను. వడ్లగింజంత ఉంటాయి. వాటి ఒంట్లోంచి అవతలి రాయి కనిపిస్తుంది. రాగి చెంబులో పోయకు, చచ్చిపోతాయి. తొట్టిలో రాళ్లు పేర్చు. చాటు లేకపోతే అవి బతకవు.

జవాన్లు వస్తూనే ఉన్నారు. ఉత్తరాలు విప్పి చూస్తున్నారట. వాడి సంగతి ఇక రాయకు.

అన్న,
యెషయా

హైదరాబాదు,
సెప్టెంబరు

ప్రేమగల అన్నకు,

అద్దం తేటపడింది. అమ్మగారికి సంతోషం. కాని నిన్న ఒక రొయ్య తెల్లగా రాయి పక్కన పడి ఉంది. కళ్లు, మీసాలు, కాళ్లు అన్నీ ఉన్నాయి. ముట్టుకుంటే లోపల ఏమీ లేదు. ఆ రోజు గట్టు మీద వాడి అంగీ కూడా అట్లాగే ఉంది, బొత్తాలన్నీ పెట్టి. రాయవద్దన్నావు, చెయ్యి ఆగలేదు.

దాన్ని మల్లెచెట్టు కింద పాతిపెట్టి ప్రార్థన చేశాను. "రొయ్యకు సమాధేందక్కా?" అన్నాడు రాజయ్య. ఈసారి నవ్వలేదు. ఇవాళ రాయి వెనక ఏదో కదులుతోంది. చెయ్యి పెట్టి చూడాలంటే భయం. చచ్చిందేది, కదిలేదేది అన్నా?

వరమ్మ

సాతంరాయి,
అక్టోబరు

చెల్లెలా,

జవాబు ఆలస్యమైంది. యూనియన్ సైన్యం వచ్చాక ఆ జవాన్లు మళ్లీ కనబడలేదు. కొన్నాళ్లు ఆగి, నిజంగానే పోయారని తెలుసుకుని రాస్తున్నాను.

నీ రొయ్య చావలేదు. నువ్వు పాతిపెట్టింది దాని కుబుసం. ఒళ్లు పెరిగితే పాత పెంకు విడుస్తుంది. కొత్తది గట్టిపడేదాకా ఒళ్లు మెత్తగా ఉంటుంది, చేపల కంటబడితే తినేస్తాయి. అందుకే రాయి చాటుకు పోతుంది. చెయ్యి పెట్టకు.

అంగీని గట్టు మీద పెట్టింది నేను. బొత్తాలు పెట్టింది నేను. నువ్వు ఏడ్చిన ఏడుపు చూసే జవాన్లు సగమైనా నమ్మారు. అందుకే నీకు చెప్పలేదు.

వాడు ఇన్నాళ్లూ మా ఇంట్లో ధాన్యపు గరిసె వెనక ఉన్నాడు. ఇప్పుడిప్పుడే వాకిట్లోకి వస్తున్నాడు. పేరు పెట్టి పిలిస్తే గోడకు అతుక్కుపోతాడు. నిన్న తనంతట తానే అడిగాడు: "మామా, అమ్మ నాకు సమాధి గిట్ల కట్టిందా?"

ఇంకా కట్టలేదని చెప్పాను.

ఆదివారం బండికి రా. ఒక అంగీ కుట్టించి తే. భుజాల దగ్గర బట్ట ఎక్కువ పెట్టించు. పాతది వాడికి పట్టడం లేదు.

నీ రాకకు చూస్తూ,
యెషయా