ట్రిగ్గర్‌కు కట్టిన పసుపు దారం

మణుగూరు

నాయనకు, అమ్మకు మీ బిడ్డ సమ్మక్క కాళ్లకు మొక్కి రాస్తున్నది.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన, పిల్లలు ఎట్లా ఉన్నారు? నాయనా, ఫోన్‌లో తుపాకి మాట ఎత్తగానే నువ్వు పెట్టేస్తున్నావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. వదిన చదువుతుంటే మధ్యలో లేచిపోవద్దు.

ఇక్కడ ఆరేసిన బట్టల మీద బొగ్గు దుమ్ము పడుతుంది. నీళ్లు చప్పగా ఉంటాయి. మీ అల్లుడు డ్యూటీకి పోతే పొద్దంతా ఒక్కదాన్నే. ఇంటి ఓనరమ్మ రహిమాబీ మిషన్ కుడుతుంది. నన్ను పిలిచి కాజాలు కుట్టడం నేర్పుతోంది. నా గురించి రంది పెట్టుకోవద్దు.

మన దూలానికి వేలాడేసిన నాటు తుపాకి కిందపడి పేలి, నీ కాలి వేళ్లు పోయిన సంగతి నేను మరవలేదు. తుపాకి ఉన్న ఇంట్లో అడుగు పెట్టనని నువ్వన్న మాటా మరవలేదు. కానీ మీ అల్లుడు పెద్దసారుకు కాపలా ఉండే గన్‌మన్. పిస్టల్ ఇంటికి తేక తప్పదు. మొదట్లో అది ఉన్న గదిలో నేను పడుకోలేదు.

దసరా నాడు ఆయన తూటాలన్నీ తీసి పిస్టల్‌ను పూజకు పెట్టాడు. మనింట్లో గొడ్డలికి, కొడవలికి కట్టినట్టే నేనూ పసుపు దారం కట్టాను. ఆయనను చల్లగా చూడమని మొక్కుకుంటూ ట్రిగ్గర్ చుట్టూ ముడి వేశాను. పూజ అయ్యాక దాన్ని చేతిలోకి తీసుకున్న ఆయన ముఖం పాలిపోయింది. రహిమాబీ దగ్గరి కత్తెర తెచ్చి దారం కత్తిరించాడు. తిడతాడనుకున్నాను.

"నీ తప్పు గాదు. నేను నీకు చెప్పలే" అన్నాడు.

మళ్లీ ఖాళీగా ఉందో లేదో చూసుకొని, పిస్టల్‌ను గోడవైపు తిప్పి పెట్టి చూపించాడు. ట్రిగ్గర్ మధ్యలో నాలుకలాంటి చిన్న మీట ఉంది. వేలు ఎదురుగా దాని మీద పడితేనే ట్రిగ్గర్ కదులుతుంది. పక్కనుంచి తగిలితే కదలదు. లోపల తూటాను కొట్టే మొల ఉంటుందట. దానికి అడ్డంగా ఒక చిన్న దిమ్మ ఉంటుందట. ట్రిగ్గర్ వెనక్కి లాగితే తప్ప ఆ దిమ్మ జరగదు. అందుకే చేయి జారినా మన నాటు తుపాకిలా పేలదు.

"మరి దారం కడితే ఏమైతది?" అని అడిగాను.

"కింద పడితే ఆ దిమ్మ ఆపుతది గని, వేలును ఆపదు. దారం గుంజినా దానికి వేలు గుంజినట్టే. తూటాలు నింపి ఒరలో పెట్టేటప్పుడు ఆ దారం దేనికన్నా తట్టుకుంటే నా కాలు పోయేది."

కాలు అనగానే నాకు ఏడుపు ఆగలేదు. పెళ్లయినప్పటి నుంచి చెప్పలేని మాట అప్పుడు బయటికొచ్చింది. "మా నాయన కాలు గట్లనే పోయింది. అందుకే మనింటికి వస్తలేడు" అన్నాను. ఇన్నాళ్లూ ఆయన అది గొడ్డలి దెబ్బ అనుకున్నాడు. ఆ వారమే పిస్టల్ పెట్టి తాళం వేయడానికి ఇనుప పెట్టె చేయించి గోడకు బిగించాడు. "మీ నాయన వస్తే నేనే దగ్గరుండి చూపిస్త" అంటున్నాడు.

నువ్వు పెట్టె చూడనక్కరలేదు నాయనా. మాట తప్పనక్కరలేదు. ఇంటి ముందు వెడల్పాటి అరుగు ఉంది. చాప అక్కడే వేస్తాను, అన్నం అక్కడికే తెస్తాను. అరుగు మీద కూర్చుంటే ఇంట్లో అడుగు పెట్టినట్టు కాదు కదా.

వచ్చేటప్పుడు అమ్మతో ఎండుమిరపకాయలు, చింతపండు కట్టించుకొని రా. పెద్దలందరికీ నా దండాలు చెప్పు. మీ దీవెనలు మా మీద ఉండాలి.

అరుగు ఊడ్చి మీ కోసం చూస్తుండే
మీ సమ్మక్క