మీరు ఏ సలివన్లు?

కార్క్ పట్టణం,
జనవరి, జలుబు చేసిన ఆదివారం.

పూజ్యురాలైన గొబ్నెట్ అత్తయ్యకు,

మీ మేనల్లుడు మర్టీ నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ, ఆవూ, ఆ కరిచే కుక్కా క్షేమమని తలుస్తాను.

నేను పెళ్లి చేసుకోదలచుకున్నాను. అమ్మాయి పేరు బ్రైడీ. ఇంటిపేరు సలివన్. కంగారు పడకండి, మనకి చుట్టరికమేమీ లేదు. వాళ్లది ఆర్డ్‌గ్రూమ్ వైపు. పైగా ఇందులో ఒక సౌకర్యం ఉంది. పెళ్లయ్యాక పాపం ఆ పిల్ల సంతకం మార్చుకోనక్కర్లేదు.

చిక్కల్లా వాళ్ల నాన్న కోర్నీ గారితోనే. ఇక్కడ రేవులో పడవ సామాన్ల కొట్టు ఆయనది. పోయినవారం నన్ను భోజనానికి పిలిచి, బంగాళాదుంప తొక్క తీస్తూ, "ఏరా అబ్బాయ్, మీరు ఏ సలివన్లు?" అన్నాడు.

నేను చరిత్ర చదువుతున్నవాణ్ణి. ఊరుకుంటానా? గొంతు సవరించుకున్నాను. మన పేరులో 'సూల్' అంటే ఐరిష్ భాషలో కన్ను అనీ, దానిమీద పండితులకి పేచీ లేదనీ, మిగతా సగం మీదే జుట్లు పట్టుకుంటున్నారనీ, మూలపురుషుడు నల్లకళ్లవాడని ఒక వర్గమూ ఒంటికన్నువాడని ఇంకో వర్గమూ వాదిస్తున్నాయనీ, ఐర్లండు మొత్తమ్మీద మర్ఫీలకీ కెల్లీలకీ తర్వాత మూడో పీట మనదేననీ చెబుతూ పోయాను. క్యాబేజీ చల్లారిపోయింది. ఆయన అంతా విని, "అది కాదురా నాయనా. ఏ సలివన్లు?" అన్నాడు.

మన బేరా సీమలో రాయి విసిరితే సలివన్‌కే తగులుతుంది. విసిరినవాడూ సలివనే. అందుకే ఒక్కో కుటుంబానికీ ఒక్కో మారుపేరు ఉంటుందని నాకూ తెలుసు. మనదేమిటో మాత్రం తెలీదు. నాన్న బతికున్నన్నాళ్లూ ఎప్పుడడిగినా పైపు నోట్లో పెట్టుకునేవాడు. మీరైనా చెప్పండి. కోర్నీ గారిది ఒక్కటే షరతు: "తాడు సలివన్లు తప్ప ఎవరైనా ఫర్వాలేదు. వాళ్లకి మాత్రం పిల్లనివ్వను. పిల్లినీ ఇవ్వను."

మీ విధేయుడు,
మర్టీ

తా.క.: ఇంతకీ ఎవరత్తయ్యా ఈ తాడు సలివన్లు? పేరు వింటేనే నవ్వొస్తోంది.

---

ఐరీస్, బేరా.

చిరంజీవి మర్టీకి మేనత్త గొబ్నెట్ ఆశీర్వదించి రాయునది.

ఆవు బాగుంది. కుక్క పోస్టుమాన్‌ని కరిచింది, అందుకే జవాబు ఆలస్యం.

పెళ్లి కబురు విని సంతోషించాను. తర్వాతి కబురు విని కూలబడ్డాను. ఒరేయ్, ఎవరి మారుపేరు వాళ్ల మొహాన అనకూడదు, ఇది ఇక్కడి మర్యాద. ఊరు మన వెనకాల మనల్ని అంటుంది, మనం ఊరి వెనకాల ఊరిని అంటాం, ఆదివారం చర్చి గుమ్మంలో ఎవరికీ ఏమీ తెలియనట్టు చేతులు కలుపుకుంటాం. ఇంత వయసొచ్చింది, మన పేరు నా చెవిన ఒక్కసారే పడింది. అదీ అన్నవాడికి గోడవతల నేనున్నానని తెలియక. కాబట్టి నేను చెప్పను, రాయను. మేము మంచి సలివన్లమండీ, అని చెప్పు. పెట్టింది తిను. నోరు మూసుకో.

ఇట్లు,
మేనత్త

తా.క.: ఆ ఇంట్లో పాట మాత్రం పాడకు. పాడక తప్పకపోతే రెండు కళ్లూ తెరిచి పాడు.

---

కార్క్,
ఫిబ్రవరి.

పూజ్యురాలూ, చెప్పవలసింది తప్ప అన్నీ చెప్పేదీ అయిన అత్తయ్యకు,

నమస్కారాలు. మీరు చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది. మన పేరు కాదు, తాడు సలివన్ల కథ! కోర్నీ గారే చెప్పారు.

వాళ్ల తాతల కాలంలో కాసిల్‌టౌన్ రేవులో పడవ పందేలట. నలుగురు అన్నదమ్ములు కొత్త పడవ కట్టుకొచ్చారట. తుపాకీ పేలింది. నలుగురూ ప్రాణాలు పెట్టి తెడ్లు వేస్తున్నారు. మిగతా పడవలన్నీ దీవి చుట్టూ తిరిగి వచ్చేశాయి. వీళ్లు మాత్రం గట్టు పక్కనే చెమటలు కక్కుతున్నారు. "ఎదురుగాలిరా, వదలకండి!" అంటున్నాడట పెద్దవాడు. పడవని వెనక నుంచి గట్టుకి కట్టిన తాడు కట్టినట్టే ఉంది! అప్పటినుంచి ఆ వంశం తాడు సలివన్లు.

అత్తయ్యా, నవ్వలేక కుర్చీలోంచి పడ్డాను. పడినవాణ్ణి లేచి ఊరుకున్నానా? వారం తిరిగేసరికి దానిమీద పదకొండు చరణాల పాట కట్టి వాళ్లింట్లోనే పాడాను. మూడో చరణంలో పెద్దవాడు గడ్డం తుడుచుకుని, "అదిగోరా, ఇంగ్లండు కనబడుతోంది!" అంటాడు. కోర్నీ గారు కళ్లనీళ్లు తుడుచుకుని "మళ్లీ పాడు" అన్నారు. మళ్లీ పాడాను. పక్కింటివాళ్లని పిలిచారు. వాళ్లకీ పాడాను. నాకు బ్రైడీ దక్కినట్టే!

మీ కవి,
మర్టీ

తా.క.: మీరన్నట్టే రెండు కళ్లూ తెరిచి పాడబోతే మొహం వంకర్లు పోయింది. బ్రైడీ వాళ్లమ్మ కంగారుపడి డాక్టర్ని పిలవమంది. దాంతో మామూలుగానే ఎడమకన్ను మూసుకుని పాడేశాను.

---

ఐరీస్.

మర్టీకి,

దీవెనలు తర్వాత. ముందు ఆ పాట ఆపు.

ఆ పెద్దాయనకి గడ్డం లేదు. మీసాలు మాత్రమే ఉండేవి, చక్కటి మీసాలు. ఇంగ్లండు అననేలేదు. ఆ తాడు నీళ్లకింద ఉంది, మానవమాత్రుడికి కనపడేది కాదు. తాళ్లు వాటంతటవి కట్టుకోవు. ఇంతకన్నా నేను రాయకూడదు. నీకు కాలేజీలో బుర్ర వాడటం నేర్పలేదా?

గొబ్నెట్

తా.క.: ఆవు పాలివ్వడం మానేసింది. కారణం నువ్వే.

---

కార్క్,
మార్చి మొదటివారం.

ప్రియమైన అత్తయ్యకు,

మీసాల సంగతి తెలియజేసినందుకు కృతజ్ఞతలు. మూడో చరణం సవరించాను. కవికి ఇలాంటి వివరాలు ఎంత అవసరమో మీకు తెలియదు. ఆ నలుగురినీ మీరు చూసినట్టే రాశారు! ఇంకేమైనా గుర్తుంటే పంపండి. వాళ్ల ముక్కులెలా ఉండేవి?

అసలు కబురు: సెయింట్ పాట్రిక్ పండగనాడు కార్క్‌లో ఉన్న బేరావాళ్లందర్నీ కోర్నీ గారు కొట్టుకి పిలుస్తున్నారు. అందరి ముందూ నేను పాడాలి. పాట అవ్వగానే పెళ్లి సంగతి తేల్చేస్తారట. బ్రైడీ మాత్రం నా వంక అదోలా చూస్తోంది. సిగ్గు కాబోలు.

కాబోయే ఇల్లరికపుటల్లుడు,
మర్టీ

తా.క.: కోర్నీ గారి వాళ్లని మనవైపు ఏ సలివన్లంటారు? ఆయన్నడిగితే "మాకు మారుపేరే లేదురా" అని ఛాతీ విరుచుకున్నారు.

---

ఐరీస్,
పండగకి నాలుగురోజుల ముందు.

చిరంజీవి మర్టీకి మేనత్త దీవెనలు.

మొన్న కార్క్ వచ్చి వెళ్లాను. నీ గదికి రాలేదు. నిన్ను చూస్తే కొడతానేమోనని భయం వేసింది.

పుట్టినప్పటినుంచి పాటించిన మర్యాద ఇప్పుడు తప్పుతున్నాను, వినుకో. తాడు సలివన్లు మనమే. ఆ మీసాలాయన మీ ముత్తాత. ఎదురుగాలి అన్నదీ ఆయనే. కూర్చుని చదువుతున్నావు కదా? పడకు, కిందటిసారి పడ్డది చాలు.

నేరుగా కోర్నీ కొట్టుకే వెళ్లాను. చిన్నప్పటి మొహమే కదా, గుర్తుపట్టాడు. "కోర్నీ, పిల్లవాడికి తెలీదు. తెలియక పాడాడు. చెప్పకపోయిన తప్పు నాది, వాడికి శిక్ష వెయ్యకు" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఒక ఆర్డ్‌గ్రూమ్‌వాణ్ణి బతిమాలడం అదే మొదలు.

వాడేం చేశాడో తెలుసా? తారు పీపా పట్టుకుని నవ్వాడు.

"తెలియనిది వాడికొక్కడికేనే గొబ్నెట్! మొదటి చరణంలోనే ఎడమకన్ను మూశాడు. రేవులో మీ నాన్న పాడేటప్పుడు మూసింది ఆ కన్నే. మీ ఇంట్లో మగవాళ్లందరిదీ అదే కన్ను. ఒక తాడు సలివన్ నా ఇంట్లో నిలబడి, నా కూర తిని, తాడు సలివన్ల మీద పదకొండు చరణాలు పాడుతుంటే ఆపడానికి నాకేమైనా పిచ్చా?"

"మరి నీ షరతు?" అన్నాను.

"మా పిల్ల కోసం సొంత ముత్తాతనే నీళ్లలో ముంచినవాడు రేపు దాన్ని ఎలా చూసుకుంటాడో నాకు అర్థమైపోయింది. పిల్లనిస్తా. పిల్లినీ ఇస్తా" అన్నాడు.

బ్రైడీ కూడా అక్కడే ఉంది. ఆ పిల్లకీ మొదటిరోజే తెలుసట. "నవ్వాపుకోలేక చచ్చిపోయానండీ" అంది. సిగ్గు కాదురా అది, వెర్రిమొహమా. నాకు పిల్ల నచ్చింది. ఈస్టర్ వెళ్లగానే పెళ్లి.

పండగనాడు కొట్లో పాడు. తలెత్తుకుని పాడు. ఆ ఎడమకన్ను హాయిగా మూసుకో. మీ పండితులకి కూడా చెప్పు, పేచీ తీరిపోతుంది. మూలపురుషుడు ఒంటికన్నువాడూ కాదు, నల్లకళ్లవాడూ కాదు. చూసినవాళ్లు చూసేసరికి పాడుతున్నాడంతే.

ఇట్లు,
తాడు గొబ్నెట్

తా.క.: కోర్నీ వాళ్లని ఏమంటామో అడిగావు కదూ. ముడి సలివన్లు. పందెంనాడు నీళ్లకింద ఆ తాడుకి ముడివేసింది కోర్నీ వాళ్ల తాతే. పాపం, కోర్నీకి ఇప్పటికీ తెలీదు. పెళ్లి అయ్యేదాకా ఈ ఊసే ఎత్తకు. పన్నెండో చరణం నేను రాశాను, విందులో నేనే పాడతాను.