డానీ ప్రమోషన్ కోసం

పాస్టర్ గారికి వందనాలు.

ప్రతి ఆదివారం ప్రార్థన చీటీలో నేను రాసే డానీ మా అక్క కొడుకని మీరంతా అనుకున్నారు. నేనూ కాదనలేదు. అతను నాకు చుట్టం కాడు, అమెరికాలో బేస్‌బాల్ ఆడే కుర్రాడండి, నేను అతని అభిమానిని. మైనర్ లీగ్ అనే కింది స్థాయి పోటీల నుంచి పెద్ద జట్టులోకి ఎప్పుడు తీసుకుంటారా అని మూడేళ్లుగా మన టకానిని స్టేషన్ నుంచి పనికెళ్ళే ట్రైన్‌లో ఫోన్ చూసుకుంటూ చస్తున్నాను. సంఘమంతా అతని ప్రమోషన్ కోసం ఉపవాసం ఉన్నప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు.

నిన్న మన సంఘంలోని శిరోమణి ఆంటీ వాళ్ళమ్మాయి సోఫియా ఫోటో, బయోడేటా పంపి, డానీకి సంబంధం మాట్లాడమన్నారు. ఆంటీకి మీరే మెల్లగా చెప్పండి.

అన్నట్టు, ఈ ఉదయమే డానీని పెద్ద జట్టులోకి తీసుకున్నారు! ఆదివారం సాక్ష్యం చెప్పమంటే చెప్తాను. ఉపవాసం మాత్రం ఆపించకండి, భుజం కొంచెం నొప్పిగా ఉందట.

వెనక బెంచీలో కూర్చునే
మీ సహోదరుడు