చిన్నకోడలు పుట్టింటికి పోయింది

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు ఎదురుచూసిన ఆ ఇంగ్లీషు దొరల కుటుంబం సినిమాల్లో ఆఖరిది టీవీలో వచ్చింది. లాల్‌దర్వాజా ఇంట్లో అమ్మ పక్కన నీ చోట్లో కూర్చుని, నీలాగే మాటలన్నీ తెలుగులో చెప్పాను.

చివర్లో అందరూ ఒక సమాధి మీద పూలు పెట్టారు. రెండో సినిమాలో జ్వరంతో చనిపోయిందని మాటల్లోనే చెప్పిన చిన్నకోడలిది. రాతి మీద ఇంగ్లీషు పేరు అమ్మకు చదవరాదు కదా.

"చిన్నకోడలేదే? పుట్టింటికి పోయింది, మళ్ల వస్తదని మీ అక్క చెప్పింది గద!" అంది.

అమ్మ ఏడవకూడదని నువ్వేం చేశావో అప్పుడు తెలిసింది.

"వచ్చిందమ్మా. లోపల అందరికీ చాయ్ పెడ్తున్నది" అన్నాను.

"మంచిగైంది" అని అమ్మ నిశ్చింతగా వెనక్కి వాలింది.

ఇన్నేళ్లూ ఆ పిల్లను బతికించినందుకు థాంక్సక్కా. అమ్మకు ఇంకా ఏమేం చెప్పావో, అవి కూడా నాకు చెప్పి పోవాల్సింది.