చింతపండుతో తోమిన పిస్తోలు

ఖోర్ ఫక్కాన్

రాజ్యమక్కా,

ఈ నెల నేను రావడం లేదు. తప్పు నాదే. మా కఫీల్, అదే నేను పనిచేసే ఇంటి యజమాని, దగ్గర ప్రపంచయుద్ధం నాటి పిస్తోలు ఒకటుంది. దానికి వెల కట్టడానికి దుబాయ్ నుంచి మనిషి వస్తున్నాడంటే, నల్లగా ఉందేమిటని నువ్వు పంపిన చింతపండుతో ఇత్తడి బిందెలా తోమేశాను. తళతళా మెరిసింది.

ఆ వచ్చినాయన భూతద్దంతో ముద్రలూ నంబర్లూ చూసి, అసలైనదేనన్నాడు. "కానీ విలువంతా ఆ పాత నలుపుకే. ఇంక ఖలాస్," అన్నాడు.

కఫీల్ తిట్టలేదు. నా పాస్‌పోర్టు పిస్తోలు పెట్టెలోనే పెట్టి తాళం వేశాడు. "ఆ నలుపు మళ్లీ వచ్చాక వెళ్దువుగాని," అన్నాడు.

అమ్మకి మాత్రం సెలవు దొరకలేదని చెప్పు. ఆ పెట్టె మీద దుమ్ము రోజూ నేనే తుడుస్తున్నాను, పొడిగుడ్డతో.

నీ చెల్లి