కవరులో పెట్టని మాట

మే 12

నాయనా, నేను బాగున్నాను, భయపడొద్దు. ఫోను స్టేషనులో పెట్టుకున్నారు, అందుకే ఈ కార్డు. నేను పేపర్లో రాసిన దొంగ ఇసుక లారీల వార్త నాకు చెప్పింది ఎవరని నిన్న పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. "పేరు రాసిచ్చి పోమ్మా, ఇంగ నీ జోలికి రాము" అన్నాడు ఎస్సై. నేను రాయలేదు. రేపు పదింటికి మళ్లీ రమ్మన్నారు.

పత్రిక నడిపి తెల్లవాళ్ల జైలుకు పోయిన జేజినాయన అక్కడి నుంచి ఎప్పుడూ కార్డులే ఎందుకు రాశాడో ఇప్పుడు అర్థమైంది. కవరును ఒకడు దాచేయగలడు. కార్డును దారిపొడుగునా అందరూ చదువుతారు.

మన బోరు ఇంకా నీళ్లు పోస్తోందా? అమ్మ షుగరు మాత్రలు కదిరి నుంచి తెప్పించు. అవి వేసుకున్నాకే ఆమెకు ఇది చదివి వినిపించు, నా సలాము చెప్పు.

దారిలో దీన్ని చదువుతున్న పోస్టన్నా, పైన తారీఖు చూసి గుర్తుపెట్టుకో. రేపు స్టేషనులోకి నేను నా కాళ్లమీద నడిచే పోతున్నాను.

షమా