గోనెపట్టా కింద గాలి

చిరంజీవి అమ్మడూ,

నువ్వు పనిచేసే ఆ గాలి ఆఫీసులో కిటికీలు తెరుస్తారా? తెరిస్తే ఏం పీలుస్తారు? ముందు దానికి జవాబు చెప్పు, తర్వాత నా దీవెనలు అందుకో.

‘ఇక్కడ అందరం క్షేమం’ అని రాసి కొట్టేశాను. పరిశుద్ధ గ్రంథం ఒళ్లో పెట్టుకుని అబద్ధం రాయలేను. అమ్మ దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. పడుకుంటే ఊపిరాడక గోడకు చేరబడి కునుకు తీస్తోంది. కిటికీ తెరిస్తే చెత్తదిబ్బ పొగ, మూస్తే ఉక్క. “ఎలుకబోనులో కాపురం పెట్టించావయ్యా బోధకుడా! నీ పరలోకానికైనా కిటికీలున్నాయా?” అంటుంది. నవ్వబోయి మళ్లీ దగ్గుతుంది.

మన ప్రార్థన మందిరం మీద మీ ఆఫీసువాళ్లు పెట్టిన గాలి కొలిచే యంత్రంలో అంకెలు బాగున్నాయనీ, పేట బాగుపడిందా నాన్నా అనీ సంబరంగా రాశావు. చెత్త తగలబెట్టడం ఏ పేటలో ముందు ఆపించాలో ఆ అంకెలతోనే తేలుస్తారనీ, ఆ వరుసలో మన పేట అట్టడుగుకు పోయిందనీ కూడా రాశావు. అది చదివిన దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు.

ఇక దాచలేను. యంత్రం బిగించిన రోజు “జాగ్రత్తగా చూసుకోండి” అన్నారు. చూసుకున్నాం! మట్టికి ఊపిరి ఊదిన దేవుడి పనిముట్టు ఇది, దీనిమీద దుమ్ము పడనివ్వడం పాపమని వేదికెక్కి గర్జించింది నేనే. సంఘంలోని అక్కచెల్లెళ్లు రోజూ చుట్టూ నీళ్లు చల్లి, దానిమీద తడి గోనెపట్టా కప్పారు. మొన్న మెకానిక్ వచ్చి, పట్టా ఎత్తి నెత్తి కొట్టుకున్నాడు.

“అయ్యగారూ, దుమ్ము కొలిచేదానికి దుమ్ము తగలకుండా దుప్పటి కప్పారా? జ్వరమొచ్చిందనుకున్నారా?”

పట్టా తీయించాను. కానీ మీ పెద్దలు పాత అంకెలతోనే తీర్మానం చేస్తారట. మెకానిక్ చెబితే ఇన్నాళ్లూ ఏం చూశావని అతని ఉద్యోగం ఊడుతుంది. నేను చెబితే, కూతురు లోపలుంది కాబట్టి తండ్రి నాటకమాడుతున్నాడంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అయినా చెప్పు. ఫోనులో మాట గాలికి పోతుంది, అందుకే సంతకం చేసి ఈ కాగితం బస్సు డ్రైవరు చేతికిచ్చాను. ఇది నీకు అందేది తీర్మానం రోజునే. వాళ్ల బల్లమీద పెట్టి “మా నాన్న తెలివితక్కువవాడు” అని అందరి ముందూ చదువు. అమ్మ ఊపిరి ముందు నా పరువెంత? కూర్చుని ఏడవకు తల్లీ. లే! ఈరోజే, వాళ్ల సంతకాలు పడకముందే, ఆ తీర్మానం ఆపించు.

ఇట్లు,
యంత్రానికి దుప్పటి కప్పిన
మీ నాన్న